ఆరు వందల మెగాహెర్ట్జ్‌లో ఒక హత్య

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఈసీఈ చదివాను, ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. అయినా స్పెక్ట్రమ్ అంటే సెమిస్టర్ పరీక్షలో వచ్చే పదహారు మార్కుల ప్రశ్న అనే చాలా కాలం అనుకున్నాను. గాలిలో కంటికి కనబడని ఒక ముక్క కోసం మనుషుల్ని చంపుతారన్న సంగతి మా సిలబస్‌లో లేదు.

యుగంధర్‌ని చంపింది తవుడు బస్తాల లారీ.

మండపేట నుంచి రామచంద్రపురం వెళ్ళే కాలువ గట్టు రోడ్డు. మిట్టమధ్యాహ్నం. యుగంధర్ రేడియో టెస్టులు చేసే ఇంజినీరు. బైకు మీద వెళ్తున్నాడు, హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. లారీ వెనక నుంచి వచ్చింది. హారన్ కొట్టలేదు. గోదావరి జిల్లాల్లో హారన్ కొట్టని లారీ కనబడితే అక్కడే అనుమానించాలి. కానీ వెనక నుంచి వచ్చేదాన్ని అనుమానించడానికి టైమ్ ఉండదు. వేసవి మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన రోజులవి. అడుగున నీళ్ళు లేవు. రాళ్ళున్నాయి.

అంతకు కాసేపటి ముందు అతను తన చీఫ్‌కి ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"సార్, మనం టెస్ట్ మొదలుపెట్టినప్పుడే నాయిస్ వస్తోంది. ఆపగానే పోతోంది. ఇది నాయిస్ కాదు సార్. ఎవడో మనిషి."

*

రాజమండ్రిలో ఒక కొరియర్ ఆఫీసు ఉంది. కింద పార్సిళ్ళు తూస్తారు. పై అంతస్తులో, విరిగిన కుర్చీలు దాచే గది వెనక, బోర్డు లేని ఇంకో ఆఫీసు ఉంది. దాని చీఫ్ ఉదయభాస్కర్. ఆయన ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఇంద్రజ. రేడియో ఇంజినీరు. ఏజెంట్. యుగంధర్ క్లాస్‌మేట్.

"ఎంతవరకు తెలుసు?" అన్నాడు చీఫ్.

"యాక్సిడెంట్ అని పేపర్లో చూశాను సార్."

"పేపరుకి అంతే తెలియాలి."

ఆయన టేబుల్ మీద మ్యాప్ పరిచాడు. రామచంద్రపురం శివార్లలో ఎర్ర చుక్క. అది టెస్ట్ టవర్.

"ఆరు వందల మెగాహెర్ట్జ్ బ్యాండ్. దీన్ని మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌కి కేటాయించాలని మన దేశం పొజిషన్. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు."

ఇంద్రజకి చెప్పక్కర్లేదు, మీకు చెప్తాను. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం కొబ్బరాకు తగిలితే చాలు, నీరసపడిపోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీది తోట దాటి, చేను దాటి, పక్క ఊరు దాకా వెళ్తుంది. ఒక్క టవర్ పెడితే నాలుగైదు ఊళ్ళు మాట్లాడుకుంటాయి. డబ్బున్న దేశం వీధికో టవర్ కట్టుకోగలదు. మన బోటివాళ్ళకి ఈ కింది బ్యాండే దిక్కు.

"మన టైమ్ ప్రకారం శుక్రవారం సాయంత్రం ఐదింటికి బ్యాంకాక్‌లో ఆసియా దేశాల మీటింగ్‌లో ఎవిడెన్స్ తీసుకోవడం ఆపేస్తారు," అన్నాడు చీఫ్. "నాలుగింటికి చివరి టెస్ట్. వాళ్ళు అక్కడ స్క్రీన్ మీద లైవ్ చూస్తారు. ఐదులోపు నాయిస్ పోయి స్కాన్ క్లీన్‌గా రావాలి. లేదంటే తీర్మానంలో ఈ బ్యాండ్ అడిగిన మన పేరాగ్రాఫ్ కొట్టేసి దాని చోట రెండు మాటలు రాస్తారు. నో చేంజ్."

"ఎవరికి లాభం సార్?"

"ఆకాశం నుంచి ఇంటర్నెట్ అమ్మేవాళ్ళకి. కింద టవర్ లేకపోతే జనం పైకే చూడాలి కదా. వాళ్ళు పంపిన ముఠాకి మనం పెట్టిన పేరు కొంగలు. చేలో కదలకుండా నిలబడతాయి. చేప వచ్చినప్పుడే మెడ కదుపుతాయి."

"యుగంధర్ మొదటి రీడింగులు క్లీన్‌గానే వచ్చాయి కదా?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చాయి. తర్వాత చేసిన ప్రతి టెస్టులోనూ నాయిస్. ఢిల్లీ కమిటీ ఏమంటోందంటే, ఆ మొదటివి యుగంధర్ వండేశాడట."

"వాడికి టీ పెట్టడమే రాదు సార్. లెక్కలేం వండుతాడు?"

చీఫ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ స్కాన్ క్లీన్‌గా వస్తే వాడు నిజం చెప్పినట్టు," అన్నాడు చీఫ్. "రాకపోతే వాడు దొంగ. దేశం సంగతి ఫైళ్ళు చూసుకుంటాయి. వాడి సంగతి నువ్వు చూడు."

తర్వాత సామాను ఇచ్చాడు. ఒక నల్ల గొడుగు. ఊచల్లో డైరెక్షనల్ యాంటెన్నా ఉంది, ఎటు తిప్పితే అటు వింటుంది. ఒక టిఫిన్ క్యారేజీ. కింది గిన్నెల్లో గాలిలో తరంగాలని స్క్రీన్ మీద చూపించే స్పెక్ట్రమ్ ఎనలైజర్, పై గిన్నెలో పులిహోర.

"పులిహోర ఎందుకు సార్?"

"ఎవరైనా మూత తీస్తే పెట్టడానికి. నువ్వు ఇన్సూరెన్స్ ఏజెంటువి. ఇన్సూరెన్స్ ఏజెంటు మొహం ఎవరూ రెండోసారి చూడరమ్మా. అక్కడ నిన్ను దుర్గాశ్రీ కలుస్తుంది. మన మనిషే. రెండేళ్ళుగా కొంగల దగ్గర కన్సల్టెంటుగా ఉంటూ మనకి కబురు పంపుతోంది."

*

గురువారం ఇంద్రజ చేయకూడని పని ఒకటి చేసింది. రామచంద్రపురంలో యుగంధర్ ఇంటికి వెళ్ళింది.

అతని తల్లి మాణిక్యాంబ వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కింటావిడ కాఫీ గ్లాసు పెట్టి వెళ్ళింది. ఎవరూ ముట్టుకోలేదు, మీగడ కట్టింది.

"వాడి ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారమ్మా," అంది మాణిక్యాంబ. "కంప్యూటర్ పట్టుకుపోయారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన వీధిలో నిలబడి, మీవాడు లెక్కలు మార్చకుండా ఉంటే ఇంతదాకా వచ్చేది కాదండీ అన్నాడు. వీధి వీధంతా విన్నారు. పోయినందుకు ఏడుస్తున్నాను. దొంగ అన్నందుకు మాత్రం ఏడుపు రావట్లేదు. ఒళ్ళు మండుతోంది."

ఇంద్రజ తల దించుకుంది.

"మీరు వాడి స్నేహితులా?"

"కలిసి చదువుకున్నామండి."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఇన్సూరెన్సండి."

"వాడికి లేదమ్మా," అంది మాణిక్యాంబ.

చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పరు. ఇంద్రజ ఏమీ చెప్పకుండా లేచి చెప్పులేసుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం, మండపేట రోడ్డులో, రామచంద్రపురం ఇంకా రాకముందే ఒక రైస్ మిల్లు. రెండో పంట, దాళ్వా, కోతలయ్యాయి. ధాన్యం ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా బారు తీరి ఉన్నాయి. ఊక దుమ్ము గాలిలో లేచి మనుషుల కనుబొమల మీద వాలుతోంది. ఎదురుగా కొబ్బరి బోండాల బండి దగ్గర తెల్ల కారు ఆగి ఉంది. కారుకి ఆనుకుని ఒకావిడ.

ఆ దుమ్ములో కూడా ఆవిడ మీద దుమ్ము లేదు. గంధం రంగు వెంకటగిరి చీర, పెద్ద నల్ల కళ్ళద్దాలు, మెడలో సన్నటి ముత్యాల వరస. ట్రాక్టర్ డ్రైవర్లు ఇద్దరు స్టీరింగ్ మీద గడ్డం ఆనించి సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు.

ఇంద్రజ గొడుగు కింద నుంచి అడిగింది. "ఇక్కడ దొరికేవి కొత్త బియ్యమా, పాతవా అండి?"

"పాతవే," అంది ఆవిడ. "కొత్తవి మా ఇంట్లో ఎవరికీ అరగవు."

కోడ్ సరిపోయింది. దుర్గాశ్రీ చేయి చాపింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి, బోండాం పట్టుకున్నందుకు.

"యుగంధర్ విషయం విన్నాను. చాలా బాధేసింది," అంది. "టైమ్ తక్కువ ఉంది. నాయిస్ వదిలే బాక్స్ ఎక్కడుందో తెలిసింది. ఈ మిల్లు మీదే, ఎలివేటర్ టవర్ పైన. మిల్లువాళ్ళకి తెలీదు. సీసీ కెమెరా అని చెప్పి పెట్టారు."

"మనం టెస్ట్ సిగ్నల్ వదిలితేనే అది ఆన్ అవుతుంది. నాలుగు దాకా ఆగాలండి."

"ఆగుదాం. ఈలోపు బోండాం తాగండి."

నాలుగింటికి ఇద్దరూ ఇనప మెట్లెక్కారు. మిల్లు ఓనర్‌కి దుర్గాశ్రీ ఫైర్ సేఫ్టీ అని చెప్పింది. ఇంద్రజని చూపించి ఇన్సూరెన్స్ అని చెప్పింది. ఫైర్ సేఫ్టీ, ఇన్సూరెన్స్ కలిసి రావడం చూసి ఆయన కంగారుపడి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

పైన నిజంగానే ఒక బాక్స్ ఉంది. ఇంద్రజ క్యారేజీ విప్పి, పులిహోర పక్కన పెట్టి, స్క్రీన్ చూసింది. ఆరు వందల బ్యాండంతా నాయిస్ గోడ కట్టినట్టు లేచి ఉంది. బ్యాంకాక్‌లో ఇప్పుడు అదే గోడని ఎంతో మంది చూస్తూ ఉంటారు. ఆమె బాక్స్ వైరు పీకేసింది.

గోడ తగ్గలేదు.

తగ్గిందా అని దుర్గాశ్రీ అడగలేదు. ఇంద్రజ ఆ సంగతి గమనించింది. గమనించి పక్కన పెట్టేసింది. ఆ పక్కన పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో అప్పుడు ఆమెకి తెలీదు.

"ఇది ఉత్తుత్తిదండి," అంది. "అసలుది వేరే ఎక్కడో ఉంది."

గొడుగు చుట్టూ తిప్పింది. నాయిస్ అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తోంది. మిల్లు రేకులు, ఇనప డ్రయ్యర్లు, చుట్టూ కొబ్బరి తోటలు, దేనికి తగిలి దేని మీంచి వస్తోందో తెలియడం లేదు. పెట్టినవాళ్ళు పనిమంతులు. బ్యాండ్ అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఫిల్టర్ చేశారు, ఒక్క మెగాహెర్ట్జ్ బయటికి పొంగలేదు. అరగంట అలాగే పోయింది.

చివరికి విసుగొచ్చి ఇంద్రజ స్క్రీన్ మీద కనబడే ఫ్రీక్వెన్సీల స్పాన్ మొత్తం తెరిచింది. ఆరు వందలు వదిలేసి, వెయ్యి, ఆ పైన. పన్నెండు వందల దగ్గర చిన్న గుట్ట కనబడింది. రెట్టింపు ఫ్రీక్వెన్సీలో, మాసిన గుట్ట. గొడుగు తిప్పితే అది ఒక్క వైపే లేస్తోంది. ఆగ్నేయంగా, తోటల వైపు.

"ఇదేంటి?" అంది దుర్గాశ్రీ, మొదటిసారి దగ్గరికొచ్చి.

"చిలుము. ఎక్కడో కనెక్టర్ చిలుము పట్టింది. సిగ్నల్ దాన్ని దాటి వెళ్ళేటప్పుడు ఇలా రెట్టింపులో మురికి కక్కుతుంది. ఇంత శుభ్రంగా ఫిల్టర్ చేసినవాళ్ళు కనెక్టర్‌ని ఎందుకు వదిలేశారో అర్థం కావట్లేదు."

"ఏ వెల్డింగ్ మెషీనో అయ్యుంటుంది. వదిలెయ్యండి. టైమ్ లేదు."

"టైమ్ లేదనే కదండీ. కారు తాళాలివ్వండి."

"నేనే నడుపుతాను," అంది దుర్గాశ్రీ.

*

గొడుగు కారు కిటికీలోంచి బయటికి పెట్టుకుని ఇంద్రజ దారి చెప్పింది. గట్టు దిగి, పుంత రోడ్డులో, రెండు వైపులా కొబ్బరి తోట. గుట్ట పెరుగుతూ పోయింది. మోటారు షెడ్డు దగ్గర అది స్క్రీన్‌లో పట్టలేదు. ఇంద్రజ దిగింది. దుర్గాశ్రీ కారులోనే ఉండిపోయింది.

షెడ్డు పక్కన సిమెంటు దిమ్మ మీద తెల్ల బాక్స్. దాని నెత్తి మీంచి లావాటి కేబుల్ పక్కన పొడుగాటి పైపుకి కట్టిన యాంటెన్నాకి వెళ్తోంది. బాక్స్‌కి నాలుగు వైపులా పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు. బంతిపూల దండ. ముందు అప్పుడే కొట్టిన కొబ్బరి చెక్కలు రెండు, ఇంకా తడిగా.

"రండమ్మా రండి, ఎండన పడి వచ్చారు!" షెడ్డులోంచి ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో గెలలు కోసే కత్తి. "నా పేరు శివరామకృష్ణ అండి. ఈ తోట మనదే. ఏంటండి, ఎవరు కావాలి?"

"ఇన్సూరెన్స్ నుంచండి."

"ఆయ్, అలాగా. ముందు మజ్జిగ పుచ్చుకోండి. ఆ తర్వాత వద్దని చెప్తాను."

"ఈ బాక్స్ ఏంటండి?"

"అదాండీ! వాతావరణ కేంద్రం అండి. తుఫాను వచ్చే ముందే చెబుతుందంట. అద్దె ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఊరికి పనికొచ్చేదానికి అద్దేంటండి?"

"ఈ పూజ?"

"కొత్త మెషీను కదండీ. కొబ్బరికాయ కొట్టకుండా ఎలా ఆన్ చేస్తాం? పెట్టినోళ్ళు హడావిడిగా వెళ్ళిపోయారు, కాయ కొట్టలేదు. చూస్తూ ఊరుకోలేక నేను కొట్టానండి. ప్రతి శుక్రవారం ఒకటి కొడతాను. నీళ్ళు నెత్తి మీద పోస్తాను."

ఇంద్రజ బాక్స్ నెత్తి చూసింది. కేబుల్ కనెక్టర్ చుట్టూ పచ్చగా చిలుము పేరుకుని ఉంది. విదేశాల్లో బోలెడంత చదువుకున్నవాళ్ళు వర్షానికి, ఎండకి, ఉప్పుగాలికి తట్టుకునేలా సీలు వేశారు. వారం వారం కొబ్బరినీళ్ళు పోస్తారని ఎవరి టెస్ట్ ప్లాన్‌లోనూ లేదు.

"ఎవరండీ ఇది పెట్టించింది?"

కారు తలుపు చప్పుడైంది. శివరామకృష్ణ అటు చూసి మొహమంతా నవ్వాడు.

"అదిగో, మేడమ్‌గారే! రండి మేడమ్‌గారూ! మొన్న కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. ఇంటిదానితో నాలుగు చీవాట్లు తిన్నానండి. ఈసారి తాగకుండా పంపేది లేదు!"

దుర్గాశ్రీ కళ్ళద్దాలు తీసింది. ఇంకో చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"గొడుగు కింద పెట్టు ఇంద్రజా," అంది. మీరు కాస్తా నువ్వు అయింది.

ఇంద్రజ గొడుగు దించింది, వదల్లేదు. పిడి పట్టుకుని మొన నేలకి ఆనించింది. క్యారేజీ స్క్రీన్ మీద గోడ అలాగే ఉంది. ఐదు కావస్తోంది.

"యుగంధర్‌కి కూడా ఇదే చెప్పాను, వదిలెయ్యమని," అంది దుర్గాశ్రీ. "చాలా మర్యాదగా చెప్పాను. వినలేదు."

"లారీ నీదా?"

"నాది కాదు. ఫోన్ నాది." ఆమె గొంతులో గర్వం లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఆఫీసులో సాయంత్రం అలిసిపోయిన మనిషిలా మాట్లాడుతోంది. "ఎందుకింత పట్టుదల? ఒక డాక్యుమెంట్‌లో ఒక పేరాగ్రాఫ్ పోతుంది. అంతేగా. పదేళ్ళ తర్వాత ఎలాగూ ఈ బ్యాండ్ ఇస్తారు. పదేళ్ళు ఆగితే ఎవరు చచ్చిపోతారు?"

"ఒకడు అప్పుడే పోయాడు."

శివరామకృష్ణ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "యుగంధర్ అంటే... మన మాణిక్యాంబగారబ్బాయా? కాలువలో పడి పోయిన కుర్రాడా?"

ఇంద్రజ తలూపింది.

"ఇది వాతావరణ కేంద్రం కాదా అమ్మా?"

"కాదండి," అంది ఇంద్రజ. "దీన్ని కనిపెట్టినందుకే యుగంధర్‌ని చంపారు. ఇది ఆగకపోతే అతన్ని దొంగంటారు."

ఆయన మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. బంతిపూల దండ వంక చూశాడు. పసుపు వంక చూశాడు. ఇన్ని శుక్రవారాలుగా తను దేనికి దణ్ణం పెట్టాడో అప్పుడు అర్థమైనట్టుంది. కత్తి పట్టుకుని బాక్స్ వైపు నడిచాడు.

"కదలకండి బాబాయిగారూ," అంది దుర్గాశ్రీ.

"బాబాయ్ అని పిలుస్తూ తుపాకీ చూపిస్తావా అమ్మా?" ఆయన ఆగలేదు. గొంతు కూడా పెంచలేదు. "నా పొలంలో ఉన్నదాన్ని నేను ఆపుకుంటాను. నన్ను అడిగేవాళ్ళెవరు?"

సొంత తోటలో, సొంత షెడ్డు పక్కన, కాఫీకి పిలిచిన మనిషి తనని కాల్చదని ఆయన నమ్మాడు. ఆ లెక్కలో ఆయన పొరబడ్డాడు. మన వైపు మనిషే అలా పొరబడతాడు.

కత్తి లేచింది. పిస్టల్ పేలింది. కొబ్బరి చెట్ల మీంచి కాకులు ఒక్కసారిగా లేచాయి.

చిన్నప్పటి నుంచీ గెలలు కోసిన చెయ్యి అది. గుండు తగిలే సరికే దెబ్బ సగం దాటింది, మిగతా సగం దానంతటదే పడింది. కేబుల్ రెండు ముక్కలైంది.

ఇంద్రజ గొడుగు పిడిని దుర్గాశ్రీ మణికట్టుకి తగిలించి లాగింది. పిస్టల్ బోరు బోదెలో, బురదలో పడింది. దుర్గాశ్రీ దాని కోసం వంగలేదు. వెనక్కి తిరిగి కారు దాకా పరిగెత్తింది. వెంకటగిరి చీరలో అంత వేగంగా పరిగెత్తగలరని ఇంద్రజకి తెలీదు. కారు పుంత రోడ్డులో దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఇంద్రజ వెంబడించలేదు. శివరామకృష్ణ దిమ్మకి ఆనుకుని కూలబడి ఉన్నాడు. పొట్ట మీద పంచె ఎర్రగా తడిసిపోతోంది.

"ఆగిందా అమ్మా?" అన్నాడు.

ఇంద్రజ స్క్రీన్ చూసింది. గోడ లేదు. బ్యాండ్ మొదటి నుంచి చివరి వరకు కోత కోసిన చేనులా బల్లపరుపుగా ఉంది.

"ఆగిందండి."

"ఆ కుర్రాడు..."

"దొంగ కాదండి. లెక్క కరెక్టు."

తువ్వాలు మడిచి గాయం మీద అదిమి, ఆయన చెయ్యి దాని మీద పెట్టింది. ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. షెడ్డు ఇవతలికి, అవతలికి, దిమ్మ ఎక్కి, చెయ్యి పైకెత్తి చూసింది. ఒక్క గీత కూడా లేదు. చుట్టూ కొబ్బరాకులు తప్ప ఇంకేమీ లేవు.

"గట్టు మీద దొరుకుద్దమ్మా," అన్నాడాయన. "ఇక్కడెప్పుడూ దొరకదు. గట్టెక్కాలి."

"గట్టిగా నొక్కి పట్టుకోండి. ఇప్పుడే వస్తాను."

"ఆయ్," అన్నాడు.

తోట దాటి, చేను దాటి పరిగెత్తింది. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. గట్టెక్కగానే ఫోన్ చేతిలో వరసపెట్టి వణికింది. అన్నీ చీఫ్ మెసేజీలు. క్లీన్. చివరి నిమిషంలో క్లీన్. బ్యాంకాక్ చూసింది. ఎక్కడున్నావు. ఎక్కడున్నావమ్మా. ఆమె వాటిని తోసేసి 108 కొట్టింది.

అంబులెన్స్ తొందరగానే వచ్చింది. ఫోన్ అందాక వాళ్ళు ఆలస్యం చేయలేదు.

ఆమె వెనక్కి వచ్చేసరికి ఆయన చెయ్యి తువ్వాలు మీదే ఉంది. నొక్కి పట్టుకుని లేదు.

*

దుర్గాశ్రీని ఏ కమాండోలూ పట్టుకోలేదు. తెల్ల కారు మిల్లు దగ్గర ధాన్యం ట్రాక్టర్ల మధ్యలో ఇరుక్కుంది. ముందుకి పోనివ్వమని ఆవిడ ఇంగ్లీషులో, తెలుగులో, చివరికి ఏడుస్తూ అడిగింది. "తూకం అవ్వాలి కదండీ మేడమ్," అన్నారు డ్రైవర్లు, ఇంకా కాసేపు చూడొచ్చని సంతోషంగా. పోలీసులు వచ్చేసరికి ఆవిడ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉంది.

బ్యాంకాక్‌లో జరిగింది చీఫ్ తర్వాత చెప్పాడు. ఐదింటికి ఇంకా నిమిషం ఉందనగా స్క్రీన్ మీద గోడ ఒక్క దెబ్బకి కూలింది. ఒక చిన్న ద్వీపం నుంచి వచ్చిన ముసలి ఇంజినీరు మైకు నొక్కి అన్నాడట. "నేను నలభై ఏళ్ళుగా నాయిస్ చూస్తున్నాను. ప్రకృతి మెల్లిగా తగ్గుతుంది. ఇలా తలుపేసినట్టు ఆగదు. ఇది ఎవరో పెట్టింది, ఎవరో ఆపింది. ఆ మొదటి రీడింగులు తీసిన కుర్రాడెవరో, అతనివి ఒప్పుకోవాలి."

ఒప్పుకున్నారు. మన పేరాగ్రాఫ్ నిలిచింది. కింద ఒక ఫుట్‌నోట్ మాత్రం చేర్చారు. తదుపరి అధ్యయనానికి లోబడి, అని. శివరామకృష్ణ పేరు పేరాగ్రాఫ్‌లోనూ లేదు, ఫుట్‌నోట్‌లోనూ లేదు. పేపర్లో తోట దొంగలతో ఘర్షణ అని వచ్చింది.

ఇంద్రజ మూడు రోజులు ఆగి, చావింటికి మంగళవారం వెళ్ళకూడదని అదీ వదిలేసి, బుధవారం మాణిక్యాంబ ఇంటికి వెళ్ళింది.

"మీ అబ్బాయి లెక్కలు కరెక్టేనండి. ఒప్పుకున్నారు."

మాణిక్యాంబ ఆమె మొహంలోకి చూసింది. "ఈ ముక్క నాకు చెవిలో చెప్తే ఏం లాభమమ్మా? వాళ్ళు వీధిలో అన్నారు. వీధిలోనే చెప్పమను."

వాళ్ళు చెప్పరు. ఆ సంగతి ఇంద్రజకి తెలుసు. ఫైలు మూసేశారు, నోరు మెదపకూడదని ఆమె దగ్గర సంతకం కూడా తీసుకున్నారు. లేచి, క్యారేజీ పట్టుకుని, వీధి మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"మాణిక్యాంబగారూ!" అని అరిచింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటావిడ చేట పట్టుకునే బయటికొచ్చింది. "మా ఇన్సూరెన్స్ కంపెనీ మొత్తం ఎంక్వైరీ చేసిందండీ! మీ అబ్బాయి ఒక్క లెక్క కూడా మార్చలేదు! అన్నీ కరెక్టే! తప్పంతా ఆఫీసువాళ్ళదే!"

వీధి వీధంతా వింది. ఢిల్లీ కమిటీ చెప్పి ఉంటే నమ్మేవాళ్ళు కాదేమో. ఇన్సూరెన్స్ కంపెనీయే ఒప్పుకుందంటే ఇంక తిరుగేముంది?

పక్కింటావిడ చేట కింద పెట్టి మాణిక్యాంబ పక్కన వచ్చి కూర్చుంది. మాణిక్యాంబ అప్పుడు ఏడ్చింది.

నా కథ ఇంతే. ఇప్పుడు మీరు చెప్పండి. మీ ఊళ్ళో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? డాబా మీదా, గట్టు మీదా, బడి వెనకా? ఎప్పుడైనా ఎవరికోసమైనా అక్కడిదాకా పరిగెత్తారా? అందిందా, ఆలస్యమైందా? ఉన్నదున్నట్టు రాసి పంపండి. అన్నీ చదువుతాను. గట్టెక్కి మరీ చదువుతాను.